విలన్ వేషం వేసే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

ఇంగ్లిష్ టీచర్ నుంచి తల్లిదండ్రులకు ఈ నెల పాఠం



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత ఎక్కువగా మాట్లాడుకునేది ఫోన్ గురించే. ఈ ఏడాది అందులో ఒక కొత్త ప్రశ్న మొదలైంది. "మేడమ్, మా పిలగాడు గేమ్‌ల విలన్ అయితడట. దొంగల గ్యాంగ్‌కు లీడర్ అట. మంచిగ చదువుకునేటోడు, గిట్ల ఎందుకైతుండు?" అని కరీంనగర్‌లో ఒక తల్లి నన్ను అడిగారు. ఆదిలాబాద్‌లో పనిచేసే నా తోటి టీచర్‌ను ఒక తండ్రి ఇంచుమించు ఇదే మాట అడిగారట. ఇద్దరి గొంతులోనూ భయమే ఉంది. ఆ భయాన్ని తీసిపారేయలేం. అలాగని వెంటనే ఫోన్ లాక్కోవడం కూడా సరైన జవాబు కాదు.

ముందు చిన్న జవాబు చెప్తాను. కథలో విలన్ వేషం వేయడం తప్పు కాదు. బాగా వేయాలంటే చాలా ఆలోచించాలి, ఎదుటివాళ్ల ఆట పాడవకుండా చూసుకోవాలి, చివరికి ఓడిపోవడానికి సిద్ధంగా ఉండాలి. ఓడిపోవడానికి ఒప్పుకున్నవాళ్లే విలన్ వేషం వేయాలి. మీ పిల్లలకు ఈ ఒక్క సూత్రం తెలిసిందా లేదా అన్నదే మనం చూడాల్సింది. పెద్ద జవాబు ఈ పాఠంలో ఉంది.

ఇది ఏ రకం ఆట?

రన్నులు, గోల్స్, పాయింట్లు లెక్కపెట్టే ఆటలు మనకు తెలుసు. రోల్‌ప్లే ఆటలో అవేవీ ఉండవు. పది మంది ఒక ఊళ్లోకి వచ్చినట్టు గేమ్‌లోకి వస్తారు. ఒకరు డాక్టర్, ఒకరు పోలీస్, ఒకరు హోటల్ యజమాని, ఒకరు దొంగ. ఎవరి పాత్రకు తగ్గట్టు వాళ్లు మాట్లాడతారు. కథను ముందుగా ఎవరూ పూర్తిగా రాసిపెట్టరు. మాటల్లోంచి, పనుల్లోంచి అది పుడుతుంది. గెలుపు ఓటమి కన్నా "తర్వాత ఏమైంది?" అన్నదే ఇందులో ముఖ్యం.

ఈ ఆట ఫోన్లతో పుట్టింది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి, నోటితో కథ చెప్పుకునే ఆట అది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కంప్యూటర్లో చాలామంది కలిసి ఆడే "మడ్" అనే ఆటను తయారుచేశారు. అందులో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. "నువ్వు ఒక గుహ ముందు నిలబడ్డావు" అని తెర మీద వస్తే, ఏం చేయాలో ఆడేవాళ్లు టైప్ చేయాలి.

మన పిల్లల నోట ఎక్కువగా వినిపించేవి మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్. రోబ్లాక్స్ 2006లో వచ్చింది. అది ఒక ఆట కాదు, వేల ఆటలున్న జాతర లాంటిది. అందులో 2020లో వచ్చిన "బ్రూక్‌హేవెన్" అనేది ఇళ్లు, కార్లు, బడి, ఆసుపత్రి ఉన్న ఒక ఊరు. అక్కడ చేయాల్సిన పని అంటూ ఏదీ ఉండదు. కథను పిల్లలే అల్లుకోవాలి. 2020లోనే "డ్రీమ్ ఎస్ఎంపీ" అనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో కొందరు యువకులు ఒక దేశాన్ని కట్టి, ఎన్నికలు పెట్టుకుని, యుద్ధాలు చేసుకున్నట్టు నటిస్తూ ప్రసారం చేశారు. ఆ కథలో దేశాన్ని కట్టిన నాయకుడే ఎన్నికల్లో ఓడి, వెలివేయబడి, కోపంతో తాను కట్టినదాన్ని తానే పేల్చేస్తాడు. అది చూసిన పిల్లలకు ఒక విషయం అర్థమైంది. విలన్ బయటి నుంచి రానక్కర్లేదు, నిన్నటి హీరోనే ఇవాళ విలన్ కావచ్చు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది చిన్న పాఠమేమీ కాదు.

విలన్ ఎందుకు కావాలి?

అందరూ మంచివాళ్లే ఉన్న ఊరిని ఊహించుకోండి. డాక్టర్ దగ్గరికి రోగి రాడు. పోలీస్‌కు కేసు లేదు. హోటల్ ముందు గొడవ లేదు. పది నిమిషాల్లో అందరికీ విసుగొస్తుంది. అప్పుడు ఒక పిల్లవాడు, "బ్యాంకులో డబ్బు పోయింది!" అంటాడు. ఒక్కసారిగా పోలీస్‌కు పని దొరికింది, రిపోర్టర్‌కు వార్త దొరికింది, బ్యాంకు మేనేజర్‌కు భయం దొరికింది. విలన్ చేసే పని ఇదే. మిగతా తొమ్మిది మందికి పని కల్పిస్తాడు.

మన ఇళ్లలో ఇది తెలియని విషయం కాదు. కీచకుడు లేని నర్తనశాల లేదు. భల్లాలదేవుడు లేని బాహుబలి లేదు. పిల్లలు పెద్ద హీరో పక్కన పెద్ద విలన్‌ను చూస్తూ పెరిగారు. తాము కథ చెప్పే అవకాశం రాగానే ఆ వేషం మీద మోజు పడటం సహజం. విలన్ కావాలనుకున్న పిల్లవాడు చెడ్డవాడు కావాలనుకోవడం లేదు. కథ తన చుట్టూ తిరగాలనుకుంటున్నాడు. ఆ కోరికను ఎలా వాడుకోవాలో నేర్పడం మన పని.

ధర్మపురి కథ నేర్పే పాఠం

విలన్‌ను ఎలా తయారు చేయాలో నేర్పడానికి నాకు మన గోదావరి ఒడ్డునే ఒక మంచి ఉదాహరణ దొరికింది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో, 2016 నుంచి జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి గుడికి మనలో చాలామంది వెళ్లే ఉంటారు. నరసింహుడి కథ పిల్లలందరికీ తెలుసు. పోతన భాగవతం ఏడో స్కంధంలో ఉన్న ప్రహ్లాద చరిత్ర అది. ఈసారి ఆ కథను హిరణ్యకశిపుడి వైపు నుంచి చూడండి.

మొదటిది, అతనికి ఒక కారణం ఉంది. తమ్ముడు హిరణ్యాక్షుడిని వరాహ రూపంలో విష్ణువు చంపాడు. కోపం అక్కడ మొదలైంది. ఏ కారణమూ లేకుండా "నేను దుర్మార్గుణ్ణి" అని నవ్వే విలన్ కాదు.

రెండోది, అతని బలానికి లెక్క ఉంది. మనిషి చేతిలోగానీ జంతువు చేతిలోగానీ చావకూడదు. పగలు గానీ రాత్రి గానీ, ఇంటి లోపల గానీ బయట గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ చావకూడదు. ఏ ఆయుధమూ తగలకూడదు. పిల్లల భాషలో చెప్పాలంటే ఇది "గాడ్ మోడ్". ఎవరూ ఏమీ చేయలేరు అన్నట్టే ఉంటుంది. కానీ జాగ్రత్తగా వింటే ఆ వరంలోనే సందులున్నాయి. పగలూ రాత్రీ కాని సాయంసంధ్య. లోపలా బయటా కాని గడప. నేలా ఆకాశమూ కాని ఒడి. మనిషీ జంతువూ కాని నరసింహుడు. ఆయుధం కాని గోళ్లు. వినేవాళ్లకు అంత తృప్తి ఎందుకు కలుగుతుందంటే, ఓడించే దారి మొదటి నుంచీ కథలోనే దాగి ఉంది.

మూడోది, అతనికి ఎదురు నిలబడింది పెద్ద సైన్యం కాదు, సొంత కొడుకు. ప్రహ్లాదుడి చదువు కోసం చండామార్కులు అనే గురువులను పెట్టాడు. టీచర్‌గా వాళ్ల కష్టం నాకు బాగా అర్థమవుతుంది! 1967లో వచ్చిన "భక్త ప్రహ్లాద" సినిమాలో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడిగా వేశారు. ఆ పాత్రలో కొడుకును బెదిరించే రాజూ, కొడుకును వదులుకోలేని తండ్రీ ఇద్దరూ కనిపిస్తారు. అందుకే ఆ విలన్ అంతగా గుర్తుండిపోయాడు.

విలన్ కోసం ఐదు ప్రశ్నలు

ఈ కథ నుంచే నేను ఏడు, ఎనిమిది తరగతుల ఇంగ్లిష్ రైటింగ్ పీరియడ్ కోసం ఐదు ప్రశ్నలు తయారు చేసుకున్నాను. గేమ్‌లో గానీ, కాగితం మీద గానీ, స్కూల్ నాటకంలో గానీ, విలన్‌ను సృష్టించే పిల్లలు వీటికి జవాబు చెప్పాలి.

1. నీ విలన్‌కు ఏం కావాలి? "ప్రపంచాన్ని నాశనం చేయాలి" అంటే చాలదు. చేతితో చూపించగలిగేది ఒకటి చెప్పాలి: ఒక తాళంచెవి, ఒక చెరువు, ఒక కుర్చీ.

2. తాను చేసేది సరైనదేనని అతను ఎందుకు అనుకుంటున్నాడు? 1977లో వచ్చిన "దాన వీర శూర కర్ణ"లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ వేశారు. అందులో దుర్యోధనుడు మాట్లాడుతుంటే, కాసేపు అతనిదే న్యాయమేమో అనిపిస్తుంది. అలా అనిపించాలి.

3. అతని బలం ఏమిటి? ఒక్కటే చెప్పాలి, రెండు చెప్పకూడదు.

4. ఆ బలంలో సందు ఎక్కడుంది? భస్మాసురుడికి ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్లు బూడిదయ్యే వరం ఉంది. ఆ చెయ్యే అతని తల మీదికి వచ్చింది.

5. అతని కథ ఎలా ముగుస్తుంది? ఓడిపోతాడా, మారతాడా, ఊరు వదిలి పోతాడా? ముగింపు తెలియని విలన్‌ను మొదలుపెట్టకూడదు.

ఐదో ప్రశ్న దగ్గర పిల్లలు ఎక్కువగా ఆగిపోతారు. "నా విలన్ ఓడిపోడు మేడమ్" అంటారు. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

తరగతిలో ఒక ఉదాహరణ

పిల్లలు మొదటిసారి రాసే విలన్ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటాడు: "అతను చాలా చెడ్డవాడు. అందరికన్నా బలవంతుడు. ఊళ్లో అందరినీ చంపేస్తాడు. ఎవరూ అతన్ని ఏమీ చేయలేరు." నాలుగు వాక్యాలతో కథ అయిపోయింది. ఊరు ఖాళీ అయిపోతే తర్వాత ఆడుకోవడానికి ఎవరున్నారు?

ఐదు ప్రశ్నలు అడుగుతూ, బోర్డు మీద రాస్తూ, తరగతి అంతా కలిసి ఈ విలన్‌ను మార్చి రాశాం. ఊరు మా ఊహలోనిది. ఊరికి ఒక పెద్ద చెరువు. చెరువు తూము దగ్గర నీళ్లు వదిలే నీరటి పని తరతరాలుగా ఒకే ఇంటివాళ్లది. పైపులు, మోటార్లు వచ్చాక ఊరివాళ్లు ఆ ఇంటిని పట్టించుకోవడం మానేశారు. ఆ ఇంట్లో చివరివాడి పేరు తూముల రాయుడు. తూము తాళంచెవి ఇంకా అతని దగ్గరే ఉంది. ఒక వేసవిలో అతను తూము మూసేస్తాడు.

అతనికి ఏం కావాలి? ఊరు మళ్లీ తన గడప ముందుకు వచ్చి అడగాలి. ఎందుకు సరైనదనుకుంటున్నాడు? "మీరు నీళ్లను వృథా చేస్తున్నారు, నేను కాపాడుతున్నాను" అంటాడు. ఆ మాటలో సగం నిజముంది. బలం ఏమిటి? తాళంచెవి. సందు ఎక్కడుంది? అతను రాత్రంతా కట్ట మీద ఒక్కడే కాపలా ఉంటాడు, నిద్ర ఆపుకోలేడు, కథలంటే చెవి కోసుకుంటాడు. ఎలా ముగుస్తుంది? ఈ ప్రశ్నకు తరగతి రెండుగా చీలిపోయింది. సగం మంది తాళంచెవి దొంగిలించాలన్నారు. మిగతా సగం మంది చెరువు పూడిక తీసే పనికి అతన్నే పెద్దగా పెట్టాలన్నారు. ఆ పీరియడ్‌లో గంట కొట్టాక కూడా వాదన ఆగలేదు.

ఇప్పుడు ఈ కథను గేమ్‌లో ఆడితే అందరికీ పని ఉంటుంది. రైతు పాత్ర వేసినవాడు బతిమాలతాడు. పోలీస్ పాత్ర వేసినవాడు తాళం పగలగొట్టే హక్కు తనకుందా అని ఆలోచిస్తాడు. ముసలమ్మ పాత్ర వేసిన అమ్మాయి కథ చెప్పి నిద్రపుచ్చాలని చూస్తుంది. ఒక్క హత్య లేదు, ఒక్క తుపాకీ లేదు. అయినా ఇందులో విలన్ ఉన్నాడు.

ఒక మాట ఇంగ్లిష్ గురించి కూడా చెప్పాలి. "నేను తూము తెరవను, ఎందుకంటే..." అని వాదించాల్సి వచ్చినప్పుడు పిల్లలు "బికాజ్", "అన్‌లెస్", "ఈవెన్ ఇఫ్" లాంటి మాటలను తమంతట తామే వెతుక్కుంటారు. వర్క్‌బుక్‌లో ఖాళీలు నింపేటప్పుడు ఆ అవసరం కలగదు. బోర్డు పరీక్షలో కథ రాయమన్నా, ఉత్తరం రాయమన్నా, ఒక మనిషి మాట వెనుక కారణం చెప్పగలిగితేనే రాత నిలబడుతుంది.

వేషం వెనుక మనిషి

ఇప్పటివరకు పాత్ర గురించి చెప్పాను. ఇక పాత్ర వేసే పిల్లల గురించి చెప్తాను. రోల్‌ప్లే ఆడేవాళ్లలో కొన్ని రూల్స్ ఉంటాయి. ఈ మాటలు మీకు తెలిసి ఉంటే పిల్లలతో మాట్లాడటం సులువవుతుంది.

"ఇన్ క్యారెక్టర్" అంటే పాత్రగా మాట్లాడటం. "అవుట్ ఆఫ్ క్యారెక్టర్" అంటే మామూలు మనిషిగా మాట్లాడటం. పిల్లలు వీటిని ఐసీ, ఓఓసీ అంటారు. ఏ మాట ఎక్కడిదో ఎప్పుడూ తెలియాలి.

"పవర్‌గేమింగ్" అంటే ఎదుటివారికి అవకాశమే ఇవ్వకుండా "నేను కొట్టాను, నువ్వు పడిపోయావు, అయిపోయింది" అనడం. దాన్ని ఆటలో తప్పుగా చూస్తారు. నేను కొట్టబోయానని మాత్రమే చెప్పాలి, పడిపోవాలా తప్పించుకోవాలా అన్నది ఎదుటివారు చెప్పాలి.

"మెటాగేమింగ్" అంటే పాత్రకు తెలియని విషయాన్ని ఆటగాడు తెలుసుకుని వాడుకోవడం. స్నేహితుడు ఫోన్ చేసి "తాళంచెవి చింతచెట్టు తొర్రలో ఉంది" అని చెప్తే, గేమ్‌లో నేరుగా అక్కడికి వెళ్లడం మెటాగేమింగ్. ఒక మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది వేరుగా పెట్టుకోవడం ఇందులో ఉన్న చదువు.

ఈ రూల్స్ అన్నీ చెప్పేది ఒక్కటే. వేషాలు పోట్లాడుకోవాలి, వేసినవాళ్లు స్నేహంగా ఉండాలి. మన చిందు యక్షగానం తరతరాలుగా చేస్తున్నది ఇదే. ఊరి నడుమ తెల్లవార్లూ ఆట సాగుతుంది. ముగింపు చూసేవాళ్లందరికీ తెలుసు. రాక్షస వేషం కట్టినవాడికీ తెలుసు, తాను ఓడిపోతానని. అయినా అడుగు తడబడకుండా, గొంతు తగ్గకుండా గర్జిస్తాడు. ఎందుకంటే తాను ఎంత ఎత్తున నిలబడితే ఎదుటి పాత్ర గెలుపుకు అంత విలువ. 2024లో చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. జనగామ జిల్లాకు చెందిన ఆయన గురించి పిల్లలకు చెప్పండి. వేషం కట్టడం చిన్న పని కాదని వాళ్లకు తెలుస్తుంది.

ఆదిలాబాద్ వైపు పిల్లలకు ఇంకో ఉదాహరణ దగ్గరలోనే ఉంది. దీపావళి రోజుల్లో దండారీకి గోండు గూడేల్లో గుస్సాడీ వేషం కడతారు. తల మీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద. అది ఆట కాదు, భక్తి. దాన్ని గేమ్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ వేషం కట్టినన్ని రోజులూ వాళ్లు నియమాలు పాటిస్తారు. మర్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు, 2024లో ఆయన కన్నుమూశారు. వేషం ఏదైనా దానికి నియమం ఉంటుందన్న మాటను ఆ గూడేల పిల్లలకు మనం కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆట దాటిపోయిందని ఎలా తెలుస్తుంది?

మీ భయం పూర్తిగా ఒట్టిదని నేను అనను. విలన్ వేషం చాటున నిజంగానే ఇంకొకరిని ఏడిపించే పిల్లలు ఉంటారు. ఆ వేషం చాటున మీ పిల్లలనే ఏడిపించే వాళ్లూ ఉంటారు. తేడా తెలుసుకోవడానికి గేమ్ ఆడటం రానక్కర్లేదు. పిల్లల మాట వింటే చాలు.

మొదట, కథ ఎలా చెప్తున్నారో వినండి. "రాయుడు తూము మూసేసిండు, ఊరోళ్లు పరేషాన్ అయిన్రు" అని చెప్తే పాత్ర గురించి చెప్తున్నారు. "ఆ కొత్త పిలగాన్ని మస్తు ఏడిపించినం, గేమ్ల నుంచి ఎల్లిపోయిండు" అంటే అది కథ కాదు. అక్కడ పాత్ర పేరు పోయి పిల్లవాడి పేరు వచ్చింది.

రెండోది, ఏ మాటలు వాడుతున్నారో చూడండి. కథలో రాక్షసుడు రాజును తిట్టొచ్చు. ఒంటి రంగు, కులం, ఊరి యాస, అమ్మానాన్నల పని, మార్కులు మాటల్లోకి వచ్చాయంటే అవి పాత్రకు తగలవు, ఎదురుగా ఉన్న పిల్లలకే తగులుతాయి.

మూడోది, ఓడిపోయినప్పుడు చూడండి. విలన్ ఓడిపోయాక "మస్తుగ అయింది, వచ్చే ఆదివారం ఇంకొకరు విలన్" అనగలిగితే ఆ పిల్లలు బాగా నేర్చుకుంటున్నారు. ఫోన్ విసిరేసి, అన్నం మానేసి, స్నేహితులతో మాటలు మానేస్తే ఆట కొన్నాళ్లు ఆపాలి. ఆపడం శిక్షగా కాకుండా విశ్రాంతిగా చెప్పండి.

నాలుగోది, ఎదుటివారు "ఆపు" అన్నప్పుడు ఏం చేస్తున్నారు? మా తరగతిలో ఒక రూల్ ఉంది. ఎవరైనా రెండు చేతులూ పైకెత్తితే కథ అక్కడే ఆగుతుంది. ఎందుకని అడగకూడదు. గేమ్‌లో కూడా ఇలాంటి ఒక గుర్తు స్నేహితులంతా ముందే పెట్టుకోవాలి. ఆ గుర్తును పట్టించుకోని విలన్‌కు మరోసారి ఆ వేషం ఇవ్వకూడదు.

ఇంట్లో పెట్టుకోవాల్సిన జాగ్రత్తలు

వయసు చూడండి. "జీటీఏ 5" మీద నడిచే రోల్‌ప్లే సర్వర్ల వీడియోలు పిల్లలు చూస్తుంటారు. ఆ గేమ్‌కు యూరప్ రేటింగ్ 18 ఏళ్లు, అమెరికా రేటింగ్ 17 ఏళ్లు. స్కూల్ పిల్లలకు అది తగదు. "అందరూ ఆడుతుండ్రు" అన్న మాటకు లొంగకండి.

ఎవరితో ఆడుతున్నారో తెలుసుకోండి. తెలిసిన స్నేహితులు మాత్రమే వచ్చే ప్రైవేట్ సర్వర్ మంచిది. గేమ్‌లో పరిచయమైనవారు "వేరే యాప్‌లో మాట్లాడుకుందాం", "ఫోటో పంపు", "ఇంట్లో చెప్పకు" అంటే ఆ మూడింటిలో ఏ ఒక్కటి విన్నా వెంటనే మీ దగ్గరికి రావాలని పిల్లలకు ముందే చెప్పండి. అలా వచ్చి చెప్పినప్పుడు వాళ్లను తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పరు.

రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్ రెండింటిలోనూ పేరెంటల్ కంట్రోల్స్ ఉన్నాయి. చాట్ ఎవరితో చేయొచ్చు, ఎంత ఖర్చు చేయొచ్చు అన్నవి మీరే పెట్టొచ్చు. పిల్లల అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం నిజమైనదే ఉండాలి. పెద్ద వయసు వేస్తే ఆ రక్షణ చాలావరకు పనిచేయదు.

డబ్బు సంగతి విడిగా చూడండి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి గెలుచుకునే ఆటలను నిషేధించింది. కథలల్లే రోల్‌ప్లే ఆ కోవలోకి రాదు. కానీ డ్రెస్సులు, కార్లు, ఇళ్ల కోసం గేమ్‌లో కొనుగోళ్లు ఉంటాయి. మీ యూపీఐ పిన్, కార్డు వివరాలు పిల్లల ఫోన్‌లో ఉంచకండి.

ఎవరైనా బెదిరించినా, ఫోటోలు అడిగినా, డబ్బు పోయినా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లల సహాయం కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. చాట్‌ను తుడిచేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఈ నెల ఇంటి పని: పెద్దలకూ పిల్లలకూ

ఈసారి ఇంటి పనిలో సగం మీది.

ఒక ఆదివారం సాయంత్రం అరగంట తీసుకోండి. ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు తెలిసిన కథల్లో గట్టి విలన్ ఎవరని అడగండి. బకాసురుడా, భస్మాసురుడా, కథలో మాయల ఫకీరా? ఆ విలన్‌కు పైన చెప్పిన ఐదు ప్రశ్నలూ వేయండి. జవాబులు తెలుగులోనే రానివ్వండి.

తర్వాత మీ పిల్లలు తమ సొంత విలన్‌ను ఒకరిని తయారు చేసి ఇంగ్లిష్‌లో ఎనిమిది వాక్యాలు రాయాలి. అందులో కనీసం ఒక వాక్యం విలన్ తన మాటగా చెప్పాలి, ఒక వాక్యం అతన్ని ఓడించే దారి చూపాలి. స్పెల్లింగ్ తప్పులు మీరు దిద్దకండి, అది నేను చూసుకుంటాను. మీరు ఒక్క ప్రశ్న మాత్రం వేయండి: "నీ విలన్ ఓడిపోయినప్పుడు, ఆ వేషం వేసిన నువ్వు ఏం చేస్తవు?"

"గెలిచినోళ్లకు చప్పట్లు కొడతా" లాంటి జవాబు వస్తే ఆ కాగితం మీద మీ సంతకం పెట్టి పంపండి. "మళ్లీ కొడతా" అని వస్తే కూడా పంపండి, సంతకంతో పాటు చిన్న గమనిక రాయండి. ఆ పిల్లలకు తరగతిలో తర్వాతి నాటకంలో ముందుగా విలన్ వేషమే ఇస్తాను. రెండు చేతులూ పైకెత్తగానే ఆగడం, ఓడిపోయాక ఎదుటివారి చేయి పట్టుకుని లేవడం అక్కడే నేర్చుకుంటారు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఈ కాగితాలు తరగతి గోడ మీద ఉంటాయి. మార్కుల షీట్ చూసే ముందు ఒకసారి అవి చదవండి. మీ పిల్లలు ఫోన్‌లో ఎవరిలా మాట్లాడుతున్నారో, ఎందుకు అలా మాట్లాడుతున్నారో వాళ్ల రాతలోనే మీకు కనిపిస్తుంది.